నొప్పి తెలియని సూది – తొమ్మిదో వారం: రెండు మోకాళ్ళు

పోయిన వారం మనం ఇకుతా డాక్టరుగారిని చెయ్యి గాల్లో ఉండగా వదిలేసి వచ్చాం. డెబ్భై దాటిన మనిషి. వారం రోజులుగా ఆ చెయ్యి అలాగే ఉంది. ముందు దాన్ని దించుదాం.

ఆ చేతిలో సిరంజి ఉంది. అందులో రెండు మందులు కలిసి ఉన్నాయి. ఒకటి, అరిగిన మోకాలికి వేసే జిగురు మందు. రెండోది, నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే మత్తుమందు. సిరంజి కింద యొనెహర కినుయేగారి కుడి మోకాలు, ప్యాంటు పైకి మడిచి, గోధుమరంగు మందు పూసి, సిద్ధంగా ఉంది. గుమ్మంలో డాక్టరుగారి ఒక్కగానొక్క కూతురు చినాత్సు నిలబడి ఉంది. యొనాగో పట్నంలో మోకాలి గుజ్జు కణాల్ని గాజుపళ్ళేల్లో పెంచి పరిశోధన చేస్తుంది. చెప్పాపెట్టకుండా సెలవు పెట్టి వచ్చి, పేషెంటు ముందే తండ్రితో అనేసింది: "నాన్నా, ఆ రెండూ ఒకే సూదిలో కలపకండి. మత్తుమందు గుజ్జు కణాల్ని చంపుతుంది."

మా కురయోషి ఊళ్ళో కూతుళ్ళు పేషెంట్ల ముందు తండ్రులకి అడ్డు చెప్పరు. పేషెంట్లు లేనప్పుడు కూడా చెప్పరు. అందుచేత ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. కినుయేగారు మర్యాదస్తురాలు కాబట్టి, ఇరవై ఏళ్ళుగా చూస్తున్న అస్థిపంజరం బొమ్మని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు శ్రద్ధగా చూడడం మొదలుపెట్టింది.

"కినుయేగారూ, ఒక్క నిమిషం," అన్నారు డాక్టరుగారు.

"అయ్యో, పర్లేదండీ. నేనేమీ వినలేదు," అంది కినుయేగారు, ఎవరూ అడక్కుండానే.

డాక్టరుగారు సిరంజిని ట్రేలో పెట్టి, కూతుర్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు జరిపారు. పనిముట్లు ఉడకబెట్టుకునే గది అది. తలుపు చాలా పల్చనిది. దానికి ఇవతల కినుయేగారు, ఆవిడకి ఇవతల ఇంకో పల్చటి తలుపు, దానికి ఇవతల నిండా జనంతో వెయిటింగ్ రూము. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన అసకురాగారు లేచి టీవీ సౌండు తగ్గించారు. పక్కవాళ్ళు చూస్తే, "కళ్ళకి మంచిది కాదు," అన్నారు. సౌండుకీ కళ్ళకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. అందరికీ వినాలనే ఉంది.

ఆ రోజు గురువారం. ఇకుతావారి దగ్గర గురువారమంటే సూదుల రోజు. పొద్దున్నే వచ్చి గుమ్మం లోపలుండే ఆసుపత్రి చెప్పుల్లో ఒక జత తీసి, వరసలో తమ వంతు దగ్గర పెట్టి, ఇంటికెళ్ళి టిఫిన్ చేసి రావడం మావాళ్ళ అలవాటు. మనుషులకి బదులు చెప్పులు క్యూలో నిలబడతాయి. చెప్పులకి మోకాళ్ళ నొప్పులు ఉండవు కనుక ఏర్పాటు బాగానే ఉంది. అసకురాగారు మాత్రం తన చెప్పుల్ని ఎప్పుడూ అందరికంటే అంగుళం ముందుకి పెడతారు. హెడ్మాస్టరు చెప్పులు కదా.

ఇంతమంది రావడానికి కారణం ఒక్కటే. మిగతా ఊళ్ళలో మోకాట్లో సూది గుచ్చితే ప్రాణం పోయినట్టుంటుంది. ఇక్కడ ఉండదు. ఇకుతాగారి సూది నొప్పి తెలియదని పక్క జిల్లా నుంచి కూడా బస్సులో వచ్చేవాళ్ళు ఉన్నారు. సూది వేశాక డాక్టరుగారు మోకాలి మీద అరచెయ్యి పెట్టి, వంగి, మెత్తగా అడుగుతారు: "ఎలా ఉందండీ, పోయిన వారం కంటే?"

దానికి మా ఊళ్ళో జవాబు ఒక్కటే. "మీ దయవల్ల చాలా తేలిగ్గా ఉందండీ."

అందరూ అలాగే అంటారు. అలాగే అనాలి. ఎవరైనా వాళ్ళబ్బాయి పరీక్ష ఎలా రాశాడని అడిగితే, తప్పాడని తెలిసినా, మీ దయవల్ల రాశాడంటాం. అడిగిన మనిషిని కష్టపెట్టకూడదు. పైగా ఇంటినుంచి ముల్లంగో, బేరిపళ్ళో తెచ్చి ఇచ్చి మరీ అంటాం. డాక్టరుగారు ఆ ముల్లంగిని పుచ్చుకుని, ఆ మాటని నమ్మారు. ముల్లంగితో ఏ ఇబ్బందీ రాలేదు.

పక్కగదిలో గొంతులు మొదట గుసగుసగా మొదలయ్యాయి. తండ్రీకూతుళ్ళిద్దరివీ పెద్ద గొంతులే కనుక ఆ గుసగుస ఎంతోసేపు సాగలేదు.

"గాజుపళ్ళెంలో చూసి చెబుతున్నావు," అన్నారు డాక్టరుగారు.

"గాజుపళ్ళెంలోనే చూశాను. కాదనడం లేదు."

"మోకాలు గాజుపళ్ళెం కాదమ్మా. లోపల నీరు ఊరుతుంది. మందు పల్చబడుతుంది. రక్తం లాక్కెళ్ళిపోతుంది. కాసేపటికి ఏం మిగులుతుంది?"

"ఒక్కసారి వేస్తే మీరన్నట్టే ఏమీ కాకపోవచ్చు నాన్నా. ఒక్కసారి వేశారని నేను సెలవు పెట్టుకుని రాలేదు. మీరు వారం వారం వేస్తున్నారు. ఏళ్ళ తరబడి. అదే మోకాలికి."

"మరి జిగురు మందు కాపాడదా? అది గుజ్జు మీద పొరలా కూర్చుంటుందని మీరే కదా రాస్తున్నారు?"

"కొంత కాపాడుతుంది. నా పళ్ళేల్లో మత్తుమందు ఒక్కటే పోసినచోట కణాలు ఎక్కువ చచ్చిపోయాయి. రెండూ కలిపి పోసినచోట కాస్త తక్కువ. జిగురు ఒక్కటే పోసినచోట హాయిగా బతికున్నాయి."

"చూశావా! తక్కువే కదా."

"తక్కువ చచ్చిపోయాయంటే చచ్చిపోయాయనే కదా నాన్నా."

వెయిటింగ్ రూములో ఎవరో తమ మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. అది చూసి ఇంకొకరు వేసుకున్నారు. కాసేపటికి ఆ గదిలో అందరూ ఎవరి మోకాళ్ళని వాళ్ళు ఓదారుస్తూ కూర్చున్నారు.

"నీకు తెలియదు," అంది తండ్రి గొంతు, కొంచెం తగ్గి. "ఇక్కడ బోర్డు కట్టిన కొత్తలో, బేరితోటల ముసలాయన ఒకడు, నా సూదికి పెట్టిన కేక వీధి చివర చేపల కొట్టు దాకా వినపడింది. వారం పాటు గుమ్మం తొక్కినవాడు లేడు. జనం రాలేదని కాదమ్మా నా బాధ. ఆ కేక. ఆ రాత్రి అన్నం సయించలేదు. మనుషుల నొప్పి తియ్యడానికి చదివాను, నొప్పి పెట్టడానికి కాదు అనుకున్నాను. మర్నాటి నుంచి రెండూ కలిపాను. మళ్ళీ ఎవరూ అరవలేదు."

ఈసారి చినాత్సు గొంతులో పరిశోధన లేదు.

"నొప్పి ఎక్కువగా చర్మం దగ్గరే ఉంటుంది నాన్నా. పైన చల్లటి స్ప్రే కొట్టినా సరిపోయేది. సన్నటి సూదితో చర్మానికి ఒక చుక్క మత్తిచ్చినా సరిపోయేది. మీరు చర్మం నొప్పి పోగొట్టడానికి లోపలున్న గుజ్జుని మత్తులో ముంచారు."

డాక్టరుగారు, పరువున్న మనిషి ఓడిపోతున్నప్పుడు చేసే పని చేశారు. జనాన్ని పిలిచారు.

"పద," అన్నారు. "పళ్ళేల్ని కాదు, మనుషుల్ని అడుగుదాం. ముప్ఫై ఏళ్ళుగా నేను అడుగుతున్నాను. వాళ్ళు చెబుతున్నారు. నా మాట వద్దు, నీ మాటా వద్దు. వాళ్ళ నోటితోనే విను."

రెండు తలుపులూ ఒకేసారి జరిగాయి. వెయిటింగ్ రూములో ఒక్కసారిగా అందరూ టీవీ చూడడం మొదలుపెట్టారు. అందులో వంకాయని నూనె తక్కువతో వేయించడం చూపిస్తున్నారు. సౌండు లేదు.

"అందరూ ఒక్కమాట వినండి," అన్నారు డాక్టరుగారు తెల్లకోటు సర్దుకుంటూ. "నా సూదితో మీకు గుణం కనిపించిందా, లేదా? మొహమాటం లేకుండా చెప్పండి."

మొహమాటం లేకుండా అన్నమాట మా ఊళ్ళో చాలా మొహమాటమైన మాట. అది అన్నాక ఇంకేం మిగులుతుంది? గది గదంతా నడుములు వంచి, స్కూలు పిల్లల్లా ఒకే గొంతుతో అంది: "మీ దయవల్ల!"

"విన్నావా?" అన్నారు డాక్టరుగారు కూతురితో. గెలిచినవాళ్ళ మొహంలో ఉండాల్సినంత వెలుగు లేదు ఆ మొహంలో.

"నేనొకటి అడగొచ్చా?" అంది చినాత్సు. వాళ్ళ వైపు తిరిగి, చేతులు ముందు కట్టుకుని, మర్యాదగా అడిగింది. "ఇంట్లో నేలమీద కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేవగలిగేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేవలేదు. ఒకావిడ సగం ఎత్తి, జుట్టు సర్దుకుంది.

"రైలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగేవాళ్ళు?"

జుట్టు సర్దుకోవడానికి కూడా ఎవరూ సాహసించలేదు. టీవీలో వంకాయ తిరగబడింది.

అప్పుడు డాక్టరుగారి వెనక, లోపలి గుమ్మంలో, ఒక ప్యాంటు కాలు మడిచి ఒకటి దించి నిలబడ్డ కినుయేగారు దగ్గింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. బేరితోట మనిషి. మా తోటల్లో ఒక్కొక్క కాయకీ కాగితం సంచి తొడగాలి. అంటే నిచ్చెన ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం.

"డాక్టరుగారూ, తప్పుగా అనుకోకండి," అంది. "పోయినేడు నిచ్చెన ఎక్కలేకపోయానండీ. మూడో మెట్టు దగ్గర కాలు రానంది. పై కొమ్మల కాయలకి సంచులు కట్టలేదు. కాకులు తినేశాయి."

"పోయినేడా?" అన్నారు డాక్టరుగారు. "పోయినేడంతా నన్ను చూసి తేలిగ్గా ఉందన్నారు కదా మీరు!"

"అన్నానండీ."

"బుట్టెడు బేరిపళ్ళు కూడా ఇచ్చారు."

"అవి కింద కొమ్మలవండీ."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. డాక్టరుగారు నవ్వలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

కినుయేగారు తన మోకాలి వైపు చూసుకుంది, దాన్నడిగి చెబుతున్నట్టు. "మీరు మోకాలి మీద చెయ్యి పెట్టి అంత మెల్లిగా అడుగుతారు కదండీ. మా ఇంట్లో కూడా నన్నెవరూ అలా అడగరు. అలా అడిగిన మనిషితో, లేదండీ, ఇంకా నొప్పిగానే ఉందండీ, అని ఎలా అంటాం? మీరు బాధపడరూ? సూది వేసిన రోజు తిమ్మిరిగా, హాయిగా ఉండేది. సాయంత్రానికి మామూలే. ఆ పూటకి అబద్ధం కాదు కదా అనుకునేదాన్ని."

"పూటకా..." అన్నారు డాక్టరుగారు. ఆ మాటని నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు అన్నారు.

ఒక నిజం దొర్లితే దాని వెనకే ఇంకోటి రావడం మామూలే. అసకురాగారు లేచి నిలబడ్డారు. హెడ్మాస్టర్లకి ఒప్పుకోవడం కూడా ప్రసంగంలానే వస్తుంది.

"నేను కూడా ఒక విషయం మనవి చేసుకోవాలి. గౌరవనీయులైన డాక్టరుగారు నన్ను చూసి, 'అసకురాగారూ, ఇంటినుంచి నడిచి వస్తున్నారు, భేష్,' అని చాలాసార్లు మెచ్చుకున్నారు. నేను టాక్సీలో వస్తున్నాను. టోఫు కొట్టు మలుపు దగ్గర దిగి, అక్కణ్ణుంచి నడుస్తున్నాను. మీ కిటికీలోంచి అక్కణ్ణుంచే కనబడుతుంది కనుక."

"ఆ టాక్సీ మీదేనా!" అంది ఒకావిడ. "నేనూ అక్కడే దిగుతాను. నా వెనక ఒక టాక్సీ ఎప్పుడూ ఆగి ఉంటుంది, ఎవరా అనుకున్నాను."

"దిగేటప్పుడు మీరు చాలా టైము తీసుకుంటారమ్మా," అన్నారు అసకురాగారు నొచ్చుకుంటూ.

చినాత్సు తండ్రి పక్కకి వచ్చి నిలబడింది. "నాన్నా, వీళ్ళకి గుణం కనిపించకపోవడానికి మీ సూదే కారణమని నేననను. వయసుంది, తోటలున్నాయి, జన్మంతా నేలమీద కాళ్ళు మడిచి కూర్చోవడం ఉంది. ఏది ఎంత అరగదీసిందో ఎవరూ చెప్పలేరు. కానీ వీళ్ళనే ఆ 'మీ దయవల్ల'ని మీరు నమ్మకండి. అది మందు చూపించిన గుణం కాదు. వాళ్ళ మంచితనం."

డాక్టరుగారు వెయిటింగ్ రూములో ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. డాక్టరు ఆ వైపు కుర్చీలో కూర్చోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న ఇద్దరూ గౌరవంగా జరిగి, ఇంకా చోటిచ్చారు.

"ఒక్కళ్ళు," అన్నారాయన నెమ్మదిగా. "ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు నొప్పిగా ఉందని చెప్పి ఉంటే, నేను ఆగేవాణ్ణి. ఏమిటా అని చూసేవాణ్ణి. ఇంత మంది మనుషుల్లో ఒక్కళ్ళు."

ఎవరూ తలెత్తలేదు. ఆయన్ని కష్టపెట్టకూడదనుకున్నందుకు ఇంతమందీ కలిసి ఆయన్ని ఇంత కష్టపెట్టారన్నది అప్పుడప్పుడే అందరికీ అర్థమవుతోంది.

అది చూడలేక కినుయేగారు ఆయన్ని ఓదార్చబోయింది. ఓదార్పుల్లో ఆవిడ చెయ్యి మంచిది కాదు.

"మేమొక్కళ్ళమే దాచామని అనుకోకండి డాక్టరుగారూ. మేమంటే పైవాళ్ళం. ఇంట్లో మీ ఆవిడగారు కూడా మేడమెట్లు వెనక్కి తిరిగి దిగుతారు కదా, పాపం. ఆవిడే చెప్పలేదంటే మేమెంత?"

వెయిటింగ్ రూములో ఊపిరి ఆగిన చప్పుడు వినపడింది. అసకురాగారు కళ్ళు మూసుకున్నారు.

"వెనక్కా?" అన్నారు డాక్టరుగారు.

ఇకుతావారి ఇల్లు క్లినిక్ మీది మేడ. మెట్లు నిటారుగా ఉంటాయి. డాక్టరుగారి భార్య తోషియేగారు రోజూ పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని, పైమెట్టు నుంచి మొదలుపెట్టి, మెట్ల వైపు మొహం పెట్టి, ఒక్కొక్క మెట్టూ తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి కిందికి దిగుతుంది. అది చూసి డాక్టరుగారు ఎంత మురిసిపోయారంటే, డాక్టర్ల సంఘం విందుల్లో ఆ మాట ఎత్తకుండా ఉండరు. మా ఆవిడకి శుభ్రత పిచ్చండీ, మెట్టు మీద దుమ్ము ఉంటే కాలు పెట్టదు, అంటారు. విన్న డాక్టర్లు ఇళ్ళకెళ్ళి వాళ్ళ ఆవిడలకి చెప్పేవారు. ఆ ఆవిడలు తోషియేగారిని తిట్టుకునేవారు.

మోకాళ్ళు అరిగిన మనిషికి మెట్లు ముందుకి దిగడం నరకం. వెనక్కి దిగితే కాస్త నయం. చేతిలో గుడ్డ ఉంటే ఎవరూ ఎందుకని అడగరు. ఊళ్ళో మోకాళ్ళ నొప్పులున్న ప్రతి ఆడమనిషికీ ఒక్క చూపులో అర్థమైన సంగతి. వైద్యం చదివిన మనిషికి శుభ్రతలా కనిపించింది.

డాక్టరుగారు రిసెప్షన్ వైపు తిరిగారు. గాజు కిటికీ వెనక, ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్న చోటే, తోషియేగారు కూర్చుని ఉంది. పేర్లు పిలవడం, మందులివ్వడం ఆవిడ పని. క్లినిక్‌లో ఆవిడ భర్తని "డాక్టరుగారూ" అనే పిలుస్తుంది. అది నియమం. భోజనానికి పిలిచినా, డాక్టరుగారూ, భోజనం, అంటుంది.

ఇప్పుడు ఆవిడ కిటికీ అద్దం జరిపి, "ఏమండీ," అంది.

వెయిటింగ్ రూములో ఆడవాళ్ళందరికీ అర్థమైంది, ఇంక ఇది క్లినిక్ కాదని. కానీ వెళ్ళిపోవాలని ఎవరికీ అనిపించలేదు. వెళ్ళిపోవడం మర్యాదే. కానీ అంత మర్యాద ఒక్కరోజులో సాధ్యం కాదు.

తోషియేగారు బల్ల పట్టుకుని లేచింది, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఇవతల ఎవరూ కంగారుపడలేదు, ఒక్క మనిషి తప్ప. మిగతా అందరూ ఆ నడక రోజూ చూస్తున్నారు.

"చినాత్సుని నేనే రమ్మన్నాను," అంది. "దాన్ని కోప్పడకండి. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం యొనాగోలో నాకు ఆపరేషన్. రెండు మోకీళ్ళూ మారుస్తారు. మీకు ఎలా చెప్పాలో తెలియక, ఎవరికీ చెప్పలేదు."

"మాకు చెప్పారు," అంది కినుయేగారు చిన్నగా. తర్వాత మళ్ళీ అస్థిపంజరం బొమ్మ కోసం వెతికింది. అది లోపలి గదిలో ఉండిపోయింది.

"రెండూనా?" అన్నారు డాక్టరుగారు. "నీకు కుడిది కదా నొప్పి! కుడిదానికే కదా నేను పదేళ్ళ పైన..."

"ఎడమది కూడా నొప్పే. తర్వాత మొదలైంది. చాలా ఏళ్ళైంది."

"నాకు చెప్పలేదే!"

"చెబితే దానికీ సూది వేస్తారు. వారానికి ఒకసారి మీ దయవల్ల అనడమే కష్టంగా ఉంది. రెండుసార్లు అనలేననుకున్నాను." ఆవిడ నవ్వబోయింది. అది కుదరలేదు. "ముందు నేనే చెప్పాల్సింది. రిసెప్షన్లో కూర్చుని రోజూ చూస్తున్నాను. లోపలికి కుంటుతూ వెళ్ళేవాళ్ళు, బయటికి కుంటుతూ వచ్చి, తేలిగ్గా ఉందమ్మా అని నాతో కూడా అనేవాళ్ళు. అందరి అబద్ధాలూ నాకు తెలుసు. అందులో నాదీ ఒకటి. మీరు భోజనం దగ్గర ఎంత సంతోషంగా చెప్పేవారంటే, ఇవాళ కూడా ఎవరూ అరవలేదు తోషియే అని... ఇవాళ వద్దు, రేపు చెబుదామనుకునేదాన్ని."

డాక్టరుగారు భార్య మోకాళ్ళ వైపు చూశారు. స్కర్టు కింద కనపడవు. అయినా చూశారు.

"అంటే," అన్నారు, "కుడిదానికి పదేళ్ళు నా సూది. ఎడమదానికి ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదు."

"మనిషి ఒక్కటే. తిండి ఒక్కటే. మెట్లు ఒక్కటే."

"అందుకే దాన్ని రమ్మన్నాను," అంది తోషియేగారు, కూతుర్ని చూపించి. "కోసి తీసిన ఎముకలూ, గుజ్జూ పారేస్తారట. పారెయ్యొద్దు, మా అమ్మాయికి ఇవ్వండని అక్కడి డాక్టరుగారిని అడిగాను. ఇస్తామన్నారు. ఆ గుజ్జులో కణాలు ఏ పక్క ఎన్ని బతికున్నాయో అది చూడగలదట."

చినాత్సు వెంటనే కల్పించుకుంది. "నాన్నా, ఒక్క మనిషి రెండు మోకాళ్ళతో ఏదీ రుజువు కాదు. మీకూ తెలుసు. కుడిది ముందు చెడింది కనుకే సూది వేశారు. ఎక్కువ అరిగిన గుజ్జు ఎలాగూ అధ్వాన్నంగానే ఉంటుంది. రేపు కుడిది అలా కనిపిస్తే అది మీ వల్లే అనడానికి లేదు. కనిపించకపోతే మీరు నిర్దోషి అనడానికీ లేదు."

"ఓదార్చకు," అన్నారు డాక్టరుగారు. "ఇవాళ్టికి అందరూ ఓదార్చారు. చాలు."

"ఓదార్చడం లేదు. లెక్క చెబుతున్నాను."

"నాకొక్కటే కోరిక," అంది తోషియేగారు. "అదేమిటో చినాత్సు చూసి మీకు చెప్పడం నాకిష్టం లేదు. కూతురు కదా, ఇది కూడా మెత్తగా చెబుతుంది. అప్పుడు ఈ ఇంట్లో ఇంకో అబద్ధం మొదలవుతుంది. ఆ మైక్రోస్కోపు అద్దంలో కన్ను పెట్టి మీరే చూడాలి. చూస్తానంటేనే నేను ఆ ఆపరేషన్ బల్ల ఎక్కుతాను. లేకపోతే ఇలాగే ఉంటాను. వెనక్కి దిగడం అలవాటైపోయింది."

"తోషియే!"

"చూసింది ఏదైనా సరే, ఆ తర్వాతి గురువారం ఇక్కడ నిలబడి వీళ్ళకి చెప్పాలి. బాగున్నా చెప్పాలి. బాగులేకపోయినా చెప్పాలి."

గది అంతా డాక్టరుగారి వైపు చూసింది. అసకురాగారు నోరు తెరిచి, ఏదో మర్యాదైన మాట వెతుక్కుని, దొరక్క మూసేసుకున్నారు. ఆయన రిటైరైనప్పట్నుంచీ మాట దొరక్కపోవడం ఇదే మొదలు.

డాక్టరుగారు కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ తొడల మీద ఆనించారు. లేవడానికి కొంచెం ఇబ్బంది పడ్డారు. ఆయనకీ మోకాళ్ళున్నాయన్న సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు. నిలబడి, తోషియేగారి దగ్గరికి వెళ్ళి, గోడ మీదున్న ఆవిడ చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళలో పేషెంట్ల ముందు ఆయన భార్యని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆడవాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు. కొందరు తిప్పుకోలేదు.

"చూస్తాను," అన్నారాయన.

తర్వాత కూతురి వైపు తిరిగారు. గొంతు ఇప్పుడు డాక్టరుది.

"రెండు పళ్ళేలూ పక్కపక్కన పెట్టు. ఏది కుడిదో ఏది ఎడమదో నాకు చెప్పకు. వాటి మీద రాయకు. చెబితే నా కళ్ళు కూడా మర్యాదకి పోతాయి."

"అలాగే నాన్నా. చూశాక చెప్పనా?"

భుజం మీదున్న చేతి బరువు కొంచెం పెరిగింది.

"చెప్పకుండానే నేను గుర్తుపట్టేశాననుకో," అన్నారాయన, "ఇంక నువ్వు చెప్పాల్సిందేమీ ఉండదు."